రంగంలో బ్యాటరీ కథ: నెగెటివ్ తీగ మీద గుమస్తా



కువైట్ నుంచీ, మస్కట్ నుంచీ, మలేషియా నుంచీ ఈమధ్య మాకు ఒకే రకం మెసేజులు వస్తున్నాయి. సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే ఇంజను దానంతట అదే ఆగిపోయి, కాలు తీయగానే మళ్ళీ స్టార్టయ్యే బళ్ళు ఉన్నాయి కదా, వాటి గురించి. "ఏడాది బాగానే ఆగింది. ఇప్పుడు ఆగట్లేదు. షెడ్డువాడు బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేశాక కూడా ఆగట్లేదు. నేనేదో చెడగొట్టానని ఓనరు అంటున్నాడు" అని.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆ బళ్ళలో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ దగ్గర అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజను ఆపొచ్చా వద్దా అన్నది చాలావరకు అది చెప్పే లెక్కని బట్టి ఉంటుంది. ఆ లెక్క తప్పితే కొత్త బ్యాటరీ వేసినా అంతే. జవాబు ఇంతే గాని, ఎందుకో తెలియకపోతే రేపు ఇంకో బండి దగ్గర మళ్ళీ మాట పడాలి. అందుకని ఈసారి మొదట్నుంచీ రాస్తున్నాం. పొడుగ్గా ఉంటుంది, సెలవురోజు చదువుకోండి.

మేము పనిచేసేది యాంగాన్‌లో, బళ్ళ షెడ్డులో. మా ఊళ్ళలో ముసలాళ్ళు ఇప్పటికీ ఈ ఊరిని రంగం అనే అంటారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి ఇక్కడికి వచ్చినవాళ్ళు వేలూ లక్షలూ. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు తెలుగోళ్ళందరినీ కోరంగీలు అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగంలో సగానికి పైగా మన దేశం వాళ్ళే. రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో ఊడ్చింది, పాయిఖానాలు ఎత్తింది మనవాళ్ళు. లాగుడు రిక్షాలు లాగినవాళ్ళలోనూ మనవాళ్ళే ఎక్కువ.

రిక్షా సంగతి ఇక్కడ ఎందుకంటే, మనం చెప్పుకోబోయేదంతా రిక్షా లాగినవాడికి ఎప్పుడో తెలుసు. ఒకసారి కదిలాక రిక్షా తేలిగ్గా పోతుంది. ఆపి మళ్ళీ కదపడమే కష్టం. నడుం మీద భారం పడేది ఆ మొదటి రెండడుగుల్లోనే. మోటారు బండికీ అదే బాధ. పెట్రోలు ఇంజను ఆగిపోతే దానంతట అది లేవలేదు, బయట నుంచి ఎవరో తిప్పాలి. మొదట్లో మనిషే ముందు నిలబడి ఇనప కడ్డీ పెట్టి తిప్పేవాడు. ఒక్కోసారి ఇంజను ఎదురు తన్నేది, చేయి విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు కరెంటు మోటారుతో ఇంజను తిప్పే పద్ధతి తెచ్చాడు. 1912 మోడల్ కాడిలాక్ కార్లలో అది వచ్చింది. మనం సెల్ఫ్ కొట్టడం అంటామే, ఆ సెల్ఫ్ అదే.

సెల్ఫ్ వచ్చాక బ్యాటరీ అవసరం పడింది. సీసం బ్యాటరీ అప్పటికే పాతది. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో చేశాడు. మన బళ్ళలో ఉన్నది ఈ రోజుకీ దాని మనవడే. సీసం పలకలు, ఆసిడ్ నీళ్ళు, ఆరు గదులు, ఒక్కో గదికి రెండు వోల్టుల పైచిలుకు. బర్మా భాషలో బ్యాటరీని "బెథరీ ఓ" అంటారు. ఓ అంటే కుండ. బ్యాటరీ కుండ. మాకు ఈ మాట చాలా నచ్చింది. ఎందుకంటే దీని కష్టమంతా కుండ కష్టమే: బయట నుంచి చూస్తే లోపల ఎంత ఉందో తెలియదు.

వందేళ్ళపాటు ఆ కుండకి పెద్ద పనేం లేదు. పొద్దున్నే ఒక్క తోపు తోస్తే చాలు. ఇంజను లేచాక డైనమో దాన్ని మళ్ళీ నింపేస్తుంది. లైట్లూ హారనూ డైనమో మీదే నడుస్తాయి. అంటే బ్యాటరీ ఎప్పుడూ నిండుగానే కూర్చుని ఉంటుంది. సీసం బ్యాటరీకి అదే సుఖం. సగం ఖాళీగా రోజుల తరబడి ఉంచితే పలకల మీద తెల్లటి పొర గట్టిపడి, తర్వాత ఎంత నింపినా నిండదు.

రంగంలో బళ్ళ చరిత్ర కూడా ఇక్కడ కొంచెం చెప్పాలి. 1906లోనే ఈ ఊళ్ళో కరెంటు ట్రాములు తిరిగాయి. యుద్ధంలో బాంబులు పడ్డాయి, 1942లో లక్షలమంది మనవాళ్ళు కాలినడకన కొండలు దాటి పోయారు, ట్రాములూ పోయాయి. తర్వాత సైన్యం వదిలేసిన షెవర్లే లారీలకి చెక్క బాడీ కట్టి బస్సులుగా తిప్పారు. అవి యాంగాన్ రోడ్ల మీద అరవై ఏళ్ళు తిరిగాయంటే నమ్ముతారా? యుద్ధ నష్టపరిహారం కింద జపాన్ 1954లో ఒప్పందం చేసుకున్నాక, హినో లారీలూ మాజ్దా చిన్నబళ్ళూ ఇక్కడే బిగించారు. 1962 తర్వాత దేశం తలుపులు మూసుకుంది. అరవైల్లోనే మనవాళ్ళు ఇంకోసారి మూటాముల్లె సర్దుకున్నారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఉంది చూడండి, అది అలా వెలిసిందే. ఉన్న బళ్ళు మాత్రం చావకుండా నడిచాయి. బ్యాటరీ దిగిపోతే నలుగురు తోసి, గేరులో వేసి స్టార్ట్ చేసేవాళ్ళు. ఈ ఊళ్ళో పాత మెకానిక్‌లు ఒక్కొక్కడు ఒక్కో విశ్వకర్మ. సామాను లేకుండా బండి నడిపించారు మరి.

బయట ప్రపంచంలో ఈలోగా పెట్రోలు మంట అంటుకుంది. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని విషయం ఒకటి అందరికీ కనబడింది: సిగ్నల్ దగ్గర నిలబడిన బండి ఊరికే పెట్రోలు తాగుతోంది. 1974లో టయోటా వాళ్ళు క్రౌన్ కారులో ఆగినప్పుడు ఇంజనే ఆగిపోయే ఏర్పాటు పెట్టి చూశారు. 1983లో ఇటలీ ఫియట్ రెగాటా, 1994లో జర్మనీ గోల్ఫ్ ఎకోమాటిక్. ఏదీ నిలబడలేదు. జనం కొనలేదు. ఇంజను ఆపడం పెద్ద విద్యేం కాదు. మళ్ళీ లేస్తుందా లేదా అన్నదే భయం. నడిరోడ్డు మీద వెనక వంద బళ్ళు హారన్ కొడుతుంటే మన బండి లేవకపోతే?

ఆ భయం పోవాలంటే కుండలో ఎంత ఉందో బండికి ప్రతి క్షణం తెలియాలి. మన పాత మేస్త్రీలు దానికి హైడ్రోమీటర్ వాడేవారు. మూత విప్పి, ఆసిడ్ పీల్చి, గాజుబుడ్డి ఎంత తేలిందో చూడటం. 1.26, 1.28 అంటే నిండుగా ఉన్నట్టు. 1.12 దగ్గరకి దిగితే ఖాళీ. నిజానికి అంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు. కాని బండి పరిగెడుతుంటే మూత విప్పలేం కదా. పైగా ఇప్పుడొచ్చేవి చాలావరకు మూత లేని సీలు బ్యాటరీలు. ఇక వోల్టేజి. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇది రాత్రంతా నిలబడితేనే. ఇప్పుడే పరిగెత్తి వచ్చిన బండిలో వోల్టేజి అబద్ధం చెబుతుంది. పరిగెత్తి వచ్చినవాడి నాడి చూసి జ్వరం చెప్పినట్టు.

కాబట్టి మిగిలిన దారి ఒకటే. వచ్చేదీ పోయేదీ రెండూ లెక్క రాయడం. కొట్లో గుమస్తా చేసే పనే.

ఆ గుమస్తాయే ఈ సెన్సర్. 2003 ప్రాంతంలో జర్మనీ పెద్ద కార్లలో, బీఎండబ్ల్యూ లాంటివాటిలో ఇది మొదట కనబడింది. అప్పటికి ఇంజను ఆపే సంగతి లేదు. కార్లో కరెంటు సామాన్లు మరీ ఎక్కువైపోయి, రాత్రి నిలబెట్టిన బండి పొద్దున్న లేవట్లేదని పెట్టారు. 2004లో సిట్రోయెన్ సీ3, 2007 నుంచి బీఎండబ్ల్యూ, 2009లో మాజ్దా, 2011లో దైహత్సు మిరా. ఇలా వరసగా ఇంజను ఆపే బళ్ళు వచ్చేటప్పటికి గుమస్తా పని ఈ లెక్కకీ పనికొచ్చింది. మన దేశంలో మహీంద్రా స్కార్పియో, బొలేరోలకి మైక్రో హైబ్రిడ్ అని పెట్టింది ఈ కాలంలోనే. అన్నింటి వెనకా ప్రభుత్వాల నిబంధనలున్నాయి. యూరప్ 2009లో చట్టం చేసి, కంపెనీ అమ్మే కార్ల పొగ సగటున కిలోమీటరుకి 130 గ్రాములు దాటకూడదంది. జపాన్‌లోనూ మైలేజీ నిబంధనలు బిగించారు. మైలేజీ పరీక్షలో బండి ఊరికే నిలబడే నిమిషాలు కూడా ఉంటాయి కాబట్టి, అక్కడ ఇంజను ఆగితే కాగితం మీద మంచి నంబరు పడుతుంది.

ఇక పనిచేసే తీరు. బ్యాటరీలోంచి పోయే కరెంటూ, లోపలికొచ్చే కరెంటూ మొత్తం నెగెటివ్ తీగ గుండానే వెళ్ళాలి. అందుకే గుమస్తాని ఆ గుమ్మంలోనే కూర్చోబెట్టారు. డబ్బాలో మాంగనిన్ అనే మిశ్రమ లోహం ముక్క ఉంటుంది. రాగి, మాంగనీసు, నికెల్ కలిపినది. వేడెక్కినా దాని నిరోధం దాదాపు మారదు, అందుకే అది. దాని నిరోధం ఓములో పదివేలవ వంతు అనుకోండి. 100 ఆంపియర్లు పోతే దాని రెండు చివరల మధ్య 10 మిల్లీవోల్టులు కనబడుతుంది. ఒక్క ఆంపియరు పోతే అందులో నూరోవంతు. ఆ కొంచెం వోల్టేజీని కొలిచి కరెంటు ఎంతో చెబుతుంది. జపాన్ బళ్ళలో చాలావాటికి లోహం ముక్క కాకుండా తీగ చుట్టూ ఉంగరంలాంటిది ఉంటుంది. కరెంటు పోతే తీగ చుట్టూ అయస్కాంతం పుడుతుంది, అది ఎంతో చూసి లెక్క కడుతుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం. రెండూ చేసే పని ఒకటే. దానితోపాటు వోల్టేజీ, బ్యాటరీ వేడీ కూడా చూస్తారు. అది సన్నటి తీగ మీద బండి కంప్యూటరుకి చేరుతుంది.

కంప్యూటరుకి మూడు సంగతులు కావాలి. కుండలో ఇప్పుడు ఎంత ఉంది. కుండ ఎంత ముసలిదైంది, అంటే నిండుగా నింపినా ఎంత పడుతుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడు ఇంజను ఆపితే ఇంకోసారి సెల్ఫ్ కొట్టే దమ్ముందా.

మొదటిది కూడికా తీసివేతా. మూడోది సెల్ఫ్ కొట్టినప్పుడల్లా పరీక్ష. 200 ఆంపియర్లు లాగినప్పుడు వోల్టేజి 12.4 నుంచి 11.4కి దిగిందనుకోండి. ఒక వోల్టు పడింది. దాన్ని 200తో భాగిస్తే 5 మిల్లీఓములు. బ్యాటరీ ఆరోగ్యంగా ఉంది. అదే 12.2 నుంచి 10కి పడితే 11 మిల్లీఓములు. ముసలిదైపోయింది. ఓముగారు రెండొందల ఏళ్ళ కిందట చెప్పిన సూత్రమే, మనం ఐటీఐలో చదువుకున్నదే.

ఇక్కడ చాలామంది అనుకునేదానికి ఎదురు నిజం ఒకటుంది. మాటిమాటికీ సెల్ఫ్ కొట్టడం వల్ల బ్యాటరీ అయిపోతుందని అంటారు. లెక్క వేయండి. 200 ఆంపియర్లు అర సెకను అంటే వంద ఆంపియర్-సెకన్లు. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగి ఒక నిమిషం నిలబడ్డాం, ఫ్యానూ లైట్లూ పాటలూ కలిపి 30 ఆంపియర్లు తింటున్నాయి. పద్దెనిమిది వందలు. సెల్ఫ్ తిన్నదానికి పద్దెనిమిది రెట్లు ఊరికే నిలబడి తిన్నాం! బ్యాటరీని సెల్ఫ్ కంటే ఆ నిలబడటమే ఎక్కువ ఖాళీ చేస్తుంది. ఇల్లు కొనడం కంటే నెల నెలా అద్దె ఎక్కువ తిన్నట్టు. అందుకే ఈ బళ్ళకి మామూలు బ్యాటరీ పనికిరాదు. రోజుకి పదులసార్లు దిగి, పదులసార్లు నిండే రకం కావాలి. జపాన్ బళ్ళలో వాటి మీద ఎం-42, ఎన్-55, క్యూ-85 అని అక్షరం ముందు వచ్చే నంబరు ఉంటుంది. మామూలు వాటి మీద 46బీ24ఎల్ లాగా ఉంటుంది. ఎన్-55కీ బీ24కీ డబ్బా సైజు ఒకటే. చోటులో చక్కగా కూర్చుంటుంది, టెర్మినల్ బిగుస్తుంది, బండి లేస్తుంది. ఆ తర్వాతే మొదలవుతుంది కథ. యూరప్ బళ్ళలో ఈఎఫ్‌బీ అనీ ఏజీఎం అనీ ఉంటాయి. (మన తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు గారు 1985లో పెట్టిన అమరరాజా తెలుసు కదా. బ్యాటరీ పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళు ఊరెళ్ళినప్పుడు అటు కూడా ఒక చూపు చూడండి. లోకమంతా తిరిగి నేర్చుకునేది కొంత మన గుమ్మంలోనే ఉంది.)

ఇప్పుడు మళ్ళీ రంగం. 2011 సెప్టెంబరులో ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. నలభై ఏళ్ళు దాటిన పాత బండిని తుక్కుకి అప్పగిస్తే, విదేశం నుంచి బండి తెచ్చుకోవడానికి పర్మిట్ ఇస్తామంది. తర్వాత ముప్ఫై, ఇరవై ఏళ్ళ బళ్ళకీ వచ్చింది. అరవై ఏళ్ళ బళ్ళు తిరిగిన ఊళ్ళోకి రెండు మూడేళ్ళలో జపాన్ సెకండ్‌హ్యాండ్ కార్లు వరదలా పడ్డాయి. జపాన్‌లో కొత్త కారుకి మూడేళ్ళకి, ఆ తర్వాత రెండేళ్ళకోసారి గట్టి తనిఖీ ఉంటుంది. ఖర్చెక్కువ. అందుకే అక్కడివాళ్ళు బాగున్న బండిని కూడా వదిలించుకుంటారు. అవి ఓడెక్కి వచ్చేవి. స్టీరింగు కుడిపక్కది. యాంగాన్‌లో 1970 నుంచి రోడ్డుకి కుడివైపు నడపాలి. ఆ తంటా వేరే.

ఓడలో ఏం జరిగేదో చూడండి. బండి ఆపేసి ఉన్నా అలారం, గడియారం, కంప్యూటరు కొంచెం కొంచెం తింటూనే ఉంటాయి. 25 మిల్లీఆంపియర్లు అనుకుంటే రోజుకి 0.6 ఆంపియర్-అవర్లు. జపాన్ యార్డులో, ఓడలో, ఇక్కడి రేవులో కలిపి 45 రోజులు పడితే 27. చిన్న బండి బ్యాటరీలో మొత్తం ఉండేదే ముప్ఫై నలభై. తీగ ఊడదీయకుండా పంపితే బండి రంగం రేవు దిగేసరికి బ్యాటరీ సగం చచ్చి ఉండేది. అమ్మేవాడు చేతికందిన మామూలు బ్యాటరీ వేసి అమ్మేసేవాడు. గుమస్తాకి మాత్రం కుండ మారిందని ఎవరూ చెప్పేవారు కాదు. వాడి పుస్తకంలో ఇంకా పాత కుండ లెక్కే.

ఊరు కూడా అలాంటిదే. టోక్యో సిగ్నళ్ళ కోసం చేసిన బండి ఇది. ఏప్రిల్ ఎండలో యాంగాన్ జామ్‌లో ఏసీ ఆగితే నిమిషంలో లోపల ఉడుకుతుంది. ఇంజను ఆగితే ఏసీ కంప్రెసరు ఆగుతుంది, చల్లదనం తగ్గగానే బండి ఇంజనుని మళ్ళీ లేపుతుంది. వేడికి బ్యాటరీ కూడా త్వరగా ముసలిదవుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని మెకానిక్‌ల మోటు లెక్క. అందుకే ఇక్కడి టాక్సీవాళ్ళు చాలామంది ఎక్కగానే మొట్టమొదట నొక్కేది ఆఫ్ బటన్. తప్పు పట్టలేం.

అన్నిటికంటే పెద్దది కరెంటు. 2021 తర్వాత ఇక్కడ కోతలు విపరీతం. "మీ ప్యెత్" అన్నది ఈ ఊళ్ళో మనం నేర్చుకునే మొదటి నాలుగు మాటల్లో ఒకటి. కరెంటు పోయింది అని. రాత్రి ఫోను చార్జింగుకీ ఫ్యానుకీ జనం కారు బ్యాటరీ వాడతారు. బోనెట్ ఎత్తి, చిన్న ఇన్వర్టరు తీగలు రెండూ నేరుగా బ్యాటరీ టెర్మినళ్ళకే తగిలిస్తారు. ఆ ఎర్ర క్లిప్పుతో బాధ లేదు. నల్ల క్లిప్పు నేరుగా నెగెటివ్ పోలుకి పడితే ఆ కరెంటు సెన్సర్ గుండా పోదు. దొడ్డిదారిన బస్తాలు పోతున్నాయి, గుమస్తా వీధిగుమ్మంలో కూర్చుని ఉన్నాడు. రాత్రికి పది ఆంపియర్-అవర్లు పోయినా పుస్తకంలో సున్నా. పొద్దున్న బండి నిండుగా ఉందనుకుంటుంది. బండి చాలా గంటలు కదలకుండా ఉంటే వోల్టేజి చూసి లెక్క సరిదిద్దుకునే ఏర్పాటు ఉంది. కాని రోజూ రాత్రి ఇదే జరిగితే దానికి సరిదిద్దుకునే సందెక్కడ?

దీని మీద మా కళ్ళెదుట జరిగింది చెబుతాం. షెడ్డు పేరు అనవసరం. మన జిల్లా కుర్రాడే, బ్యాటరీలు బిగించే పనిలో ఉన్నాడు. అతను బిగించిన కొత్త బ్యాటరీ నాలుగు నెలల్లో చచ్చింది. సరైన రకమే, సరిగ్గానే బిగించాడు. కస్టమరు గొడవ చేస్తే, షెడ్డువాళ్ళు బ్యాటరీ ఖరీదు కుర్రాడి జీతంలో కోసుకున్నారు. నెల జీతంలో సగం పైన. ఇంటికి పంపాల్సిన నెల అది. మాతోపాటు ఉండే బర్మా పెద్ద మెకానిక్, మేమందరం సయా అని పిలిచే ఆయన, బోనెట్ ఎత్తి చూపించాడు. రెండు పోళ్ళ మీదా మొసలి క్లిప్పు పళ్ళ గుర్తులు తాజాగా మెరుస్తున్నాయి. ఇన్వర్టరు ఎన్ని గంటలు వాడతారండీ అని కస్టమరుని మెల్లిగా అడిగాడు. రోజూ రాత్రంతా అన్నాడాయన, దాచకుండా. పాపం ఆయనకీ తెలియదు. సెన్సర్ పుస్తకంలో లేనిది ఆ గుర్తుల్లో ఉంది. డబ్బు అయితే తిరిగి రాలేదు. పద్దులో రాసేశాం అన్నారు.

పద్దు అంటే రంగంలో మనవాళ్ళకి పాత గాయమే. నాడు మేస్త్రీ ఓడ టిక్కెట్టుకి అడ్వాన్సు ఇచ్చి, ఇక్కడ కూలిలో కోసుకునేవాడు. పుస్తకం మేస్త్రీ దగ్గరే ఉండేది. ఎంత తీరిందో, ఎంత మిగిలిందో కూలీకి కనబడేది కాదు. అందుకే మేము కుర్రాళ్ళకి చెప్పేది: బిగించే ముందు ఫోటో తీయండి. పోళ్ళు రెండూ, బ్యాటరీ నంబరు, మీటరులో వోల్టేజి. బిగించాక ఇంకోటి. తేదీతో సహా మీ ఫోన్లో ఉండాలి.

చేతిపని విషయంలో ఇంకొన్ని. జంపర్ తీగలు తగిలించేటప్పుడు, ఇన్వర్టరు తగిలించేటప్పుడు, నల్ల క్లిప్పు బ్యాటరీ పోలుకి కాదు, ఇంజను మీదో బాడీ మీదో ఎర్త్ పాయింటుకి పెట్టండి. అప్పుడు కరెంటు గుమస్తా ముందు నుంచే పోతుంది. చార్జర్ పెట్టినా అంతే. సౌండ్ సిస్టం ఆంప్లిఫయర్ నెగెటివ్ తీగా అంతే. నెగెటివ్ టెర్మినల్ ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో ఎత్తి కొట్టొద్దు, లోపలి లోహం ముక్క వంగుతుంది. ఆ డబ్బా ఖరీదు కొన్ని బళ్ళలో బ్యాటరీ ఖరీదుకి దగ్గర్లో ఉంటుంది.

బ్యాటరీ మార్చాక గుమస్తాకి కొత్త పుస్తకం ఇవ్వాలి. కంపెనీకో పద్ధతి. కొన్నిటికి స్కానరుతో కొత్త బ్యాటరీ అని చెప్పాలి, కొన్ని జపాన్ బళ్ళలో ఇప్పటిదాకా పోయిన కరెంటు మొత్తం లెక్కని సున్నా చేయాలి, కొన్ని రాత్రంతా కదలకుండా ఉంటే వాటంతట అవే నేర్చుకుంటాయి. మెసేజులు పెట్టిన అన్నల్లో ఎక్కువమందిది ఈ బాపతే అని మా అనుమానం. బ్యాటరీ కొత్తది, పుస్తకం పాతది. స్కానరు పెట్టించమని ఓనరుకి చెప్పండి, మీ జేబులోంచి ఇంకో బ్యాటరీ కొనకండి.

డైనమో సంగతి కూడా రాయకపోతే మనసు ఒప్పదు. పాత పద్ధతిలో ఇంజను ఆన్‌లో ఉన్నప్పుడు మీటరు 13.8, 14.2 చూపించాలి. 12.6 ఉంటే డైనమో పోయినట్టే అని మనకి గురువులు నేర్పారు. ఈ బళ్ళలో అది నిజం కాదు. సెన్సర్ లెక్క చూసి కంప్యూటరు డైనమోని కావాలనే తగ్గిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తగ్గించి, కాలు తీసినప్పుడు పెంచి, వృథాగా పోయే ఊపుని బ్యాటరీలో దాచుకుంటుంది. దాచుకోవడానికి చోటు కావాలి కాబట్టి కుండని ఎప్పుడూ కొంచెం వెలితిగా ఉంచుతుంది. ఇది తెలియక మంచి డైనమోలు విప్పి పక్కన పడేసిన షెడ్లు ఈ ఊళ్ళో లేకపోలేదు. హెడ్‌లైట్లూ ఏసీ ఫ్యానూ ఫుల్లుగా వేసి, కాసేపాగి కొలవండి. అప్పుడు కూడా లేవకపోతే అప్పుడు చూద్దాం.

ఇంకో వింత. 2020లో జపాన్‌లో వచ్చిన కొత్త యారిస్ పెట్రోలు కారులో టయోటా ఈ ఇంజను ఆపే ఏర్పాటే పెట్టలేదు. 1974లో క్రౌన్‌తో మొదలుపెట్టింది వాళ్ళే. ఆపకుండానే మైలేజీ వస్తుంటే ఖరీదైన బ్యాటరీ ఎందుకనుకున్నారేమో.  అయినా డైనమోని తగ్గించి పెంచే పని ఉన్నంతకాలం బ్యాటరీ లెక్క చూసేవాడు కావాలి కాబట్టి, ఇంజను ఆగినా ఆగకపోయినా గుమస్తాకి ఉద్యోగం ఉంటుంది.

మీ బండిలో నెగెటివ్ టెర్మినల్ దగ్గర ఏముందో ఒక ఫోటో తీసి కింద పెట్టండి. ఉంగరమా, డబ్బానా అన్నది, బ్యాటరీ మీది నంబరూ కనబడాలి. ఏ దేశంలో ఉన్నారో కూడా రాయండి. రాత్రి కరెంటు ఉంటే ఒక్కొక్కరికీ జవాబిస్తాం.